మోకాలు దాటిన గడ్డి

నిన్న నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట బస్సు కోసం నిలబడ్డా. బస్సుని వెనక్కి తీయిస్తూ కండక్టరు ఈల వేశాడు, పొడుగ్గా, ఆపకుండా. చేతిలో ఉన్న సంచీని గట్టిగా పట్టేసుకున్నా. పక్కన నిలబడినావిడ, "ఏమ్మా, దొంగలెవరన్నా తిరుగుతున్నారా?" అని తన సంచీ కూడా దగ్గరికి లాక్కుంది. దొంగలు కాదు తల్లీ. అట్టాంటి ఈల వినపడితే నా మడి పోద్దేమోనని భయం. భయపెట్టిన మనిషి పోయినా భయం మాత్రం ఒంట్లోనే ఉండిపోయింది.

నాకు సంతకం పెట్టటం వరకే వచ్చు. అందుకని నోటితో చెప్తున్నా, మీరు రాసుకోండి. నన్ను భయపెట్టినాయన పేరు మాత్రం చెప్పను. బతికున్నప్పుడు ఒక్కసారి కూడా పేరుతో పిలవలేదు, ఇప్పుడెందుకు? నేను బాబాయి అనేదాన్ని. మిగతా ఆడోళ్ళు ఈలాయన అనేవాళ్ళు. ఆయన ఎదురుగా ఉన్నా అనేవాళ్ళు, వినపడదు గదా, చెవుడు.

ముందు మడుల సంగతి చెప్పాలి. జగ్గయ్యపేట పక్కన మా కాలనీ. కాలనీ వెనక సున్నపురాయి తవ్వి వదిలేసిన పెద్ద గుంట ఉంది. వానలకి నిండితే ఏడాదంతా నీళ్ళే. ఆ గుంట ఒడ్డున పంచాయతీ జాగా ఊరికే పడుంటే, కూరగాయలు పండించుకోండని మడులుగా కొలిచి కాలనీలో వాళ్ళకి ఇచ్చారు. ఒక్కో మడి చిన్న పందిరి వేసుకునేంత. రాతినేల. చెరువుమట్టి తెచ్చి పోసుకున్నాం. గుంటలో మోటారు దించారు. ఎవరి మడి ముందు వాళ్ళ పేరు రాసిన రేకుముక్క పాతారు.

నా రేకు ముందు నేను చాలాసేపు నిలబడ్డా. మా అమ్మ, మా అత్త, మా ఆయన, నేను, అందరం ఇంకొకళ్ళ పొలాల్లో వంగి బతికినవాళ్ళమే. మా ఆయన పోయింది కూడా ఒకళ్ళ పత్తిచేలోనే, మందు కొడుతూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఇది మాది అని వేలు పెట్టి చూపించటానికి ఆయన్ని పూడ్చిన జాగా తప్ప ఇంకేం లేదు. అట్టాంటిది నా పేరు నేలలో పాతారు. ఆ నేల నాకు కావాలి. నేను చెప్పే దాంట్లో ఉన్నదంతా అదే.

మడులు తీసుకున్నోళ్ళందరం కూర్చుని ఒక షరతు పెట్టుకున్నాం. మడిలో గడ్డి మోకాలు దాటితే రేకు పీకేసి, వరసలో ఎదురుచూసేవాళ్ళకి ఇచ్చెయ్యాలి. కాలనీ పెద్దది, మడులు కొన్నే, వరస ఎప్పుడూ ఉండేది. షరతు మంచిదే.

"ఎవరి మోకాలండీ?" అని అడిగింది సువార్త. సువార్తది నా పక్క మడి, నాతో కూలికొచ్చే మనిషి, నోరు ఊరుకోదు. అందరూ నవ్వారు. నవ్వినాక చూసుకుంటే నిజంగానే ఎవరి మోకాలో తేలలేదు. అప్పుడు ఆయన లేచి, లుంగీ పైకెత్తి, "ఇదిగో, ఇది" అన్నాడు.

మా కాలనీలో అంత పొడుగు మనిషి లేడు. ఆయన మోకాలు నా తొడ సగానికి వచ్చుద్ది. గుమాస్తా గారు, "మరీ అంత ఎత్తాండీ?" అన్నాడు. గుమాస్తా గారంటే ఏదో ఆఫీసులో చేసి రిటైరైనాయన. పొట్టి మనిషి, పద్ధతి మనిషి. ఈలాయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "ఆఁ?" అన్నాడు. గుమాస్తా గారు మళ్ళీ అన్నాడు. ఈయన మళ్ళీ "ఆఁ?" అన్నాడు. ఇంక గుమాస్తా గారు ఊరుకున్నాడు. అట్టా ఆయన మోకాలే షరతయింది. మడులకి పెద్ద కూడా ఆయనే అయ్యాడు.

ఆయన బతుకంతా క్వారీలో గడిచింది. రాయి పేల్చేముందు జనాన్ని పక్కకి తప్పించే ఈల ఆయనది. ఆ చప్పుళ్ళకే చెవులు పోయినయ్. పని మానేసినా ఈల మాత్రం నల్లదారంతో మెళ్ళోనే ఉండేది. మా దగ్గర నీళ్ళ వంతు మారాలంటే అదే ఊదేవాడు. ఊదిన ప్రతిసారీ మెడ భుజాల్లోకి ముడుచుకుని కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. కాసేపు అట్టాగే ఉండి, మెల్లగా తెరిచేవాడు. తెరిస్తే ఎదురుగా వంగమొక్కలు.

"ఏందండీ, వంకాయలు పేలతయ్యా?" అనేది సువార్త.

"ఒళ్ళు మరవదమ్మాయ్" అనేవాడు.

ఆయనకి మడి లేదు, వద్దన్నాడు. ఎవరి మడిలోదీ తినేవాడు కాదు. గోంగూర కట్ట చేతిలో పెడితే ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన పీల్చి, తిరిగి మన చేతిలోనే పెట్టేవాడు. "తింటే నా మోకాలు పొడుగయిద్ది" అనేవాడు.

మాట అట్టా ఉన్నా, మడుల మధ్య తిరిగేటప్పుడు ఆ మొహంలో నవ్వుండేది కాదు. గడ్డి పక్కన నిలబడి, లుంగీ ఎగ్గట్టి, కాలు ఆనించి చూసేవాడు. తల ఊపితే బతికినట్టు. ఊపకపోతే రేకు మీద చెయ్యేసేవాడు. మొదట పీకింది సొంత కోడలి రేకే. ఆ పిల్ల ఇంటి పట్టునే ఉండి కూడా మడి మొహం చూడదు. "కుదరనోళ్ళు వేరు, కుదిరీ రానోళ్ళు వేరు" అన్నాడు. కోడలు ఆయన ముందు కంచం పెట్టటం మానేసింది. ఆయనే వడ్డించుకుని తిన్నాడు, పైగా కూరలో ఉప్పు తగ్గిందని వంక కూడా పెట్టాడంట.

ఒకసారి పత్తి తీతల రోజుల్లో నా మడిలో గడ్డి సరిగ్గా ఆయన మోకాలి చిప్ప దగ్గరికొచ్చింది. దాటిందా, దాటలేదా? గుమాస్తా గారు వంగి చూస్తున్నాడు. ఆయన తల ఊపాడు. తర్వాత సువార్త నా చెవిలో, "ఒసే, మీ బాబాయి మడమలు నేల మీద లేవే" అంది. నేను చూడలేదు. గుమాస్తా గారు మోకాలే చూశాడు, మడమలు చూడలేదు.

గుమాస్తా గారు ఇంకోటి పట్టుబట్టాడు. తనిఖీ ఎప్పుడో ఎవరికీ ముందు తెలియకూడదు, తెలిస్తే ముందు రోజే కోసేసి కళ్ళకి గంతలు కడతారు అని. సరేనన్నాడు ఈయన. కానీ చెవుడు మనిషికి గుసగుస ఎట్టా వచ్చుద్ది? సాయంత్రం రోడ్డు మధ్యలో ఆగి, "గుమాస్తా గారండీ! రేపు పొద్దున్నే చూద్దాం! ఎవరికీ చెప్పబాకండి!" అనేవాడు. కాలనీ చివరింటిదాకా వినపడేది. కూలి నించి అప్పుడే దిగినవాళ్ళం కొడవళ్ళు తీసుకుని పరిగెత్తేవాళ్ళం. కావాలని అరిచేవాడో, తెలియక అరిచేవాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకసారి అడిగా. "ఆఁ?" అన్నాడు.

పోయినేడు మిరపకోతలొచ్చినయ్. మాఘమాసం నించి ఎండలు ముదిరిందాకా పెనుగంచిప్రోలు వైపు చేలల్లో కాయలు ఎర్రబడతానే ఉంటయ్. తెల్లారగానే ఆటో ఎక్కితే పొద్దుగూకేవేళకే దిగటం. ఆదివారం ప్రార్థన మానుకుని వచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. ఆ కోతలు లేకపోతే మాకు ఏడాది గడవదు. మడి చూసే టైమేది? నా బెండమొక్కల మధ్య తుంగ లేచింది. తుంగని మింగి వయ్యారిభామ కలుపు లేచింది, తెల్లపూలు పూసింది.

నా మడికి సువార్తది ఒక పక్క, గుమాస్తా గారిది ఇంకో పక్క. ఆయన మడి దువ్విన తలలాగా ఉండేది. ఆయన చెడ్డవాడేం కాదు. నా గడ్డిలోంచి తెల్లదోమ లేచి ఆయన వంగమొక్కల మీద పడింది. పాపం, ఒక్కో ఆకూ తిప్పి తడిగుడ్డతో తుడవటం నేను ఆటోలోంచి చూశా. ఎవరికైనా కడుపు మండుద్ది.

వరసలో ముందున్నది నాగమణి. మొగుడు వదిలేసి పోయాడు, ఇంట్లో మంచాన పడిన తల్లి. తల్లిని వదిలి కూలికి పోలేదు. ఆ పిల్లకి టైముంది, మడి లేదు. నాకు మడుంది, టైం లేదు. ఎవర్ని అడిగినా న్యాయం ఎటుందో చెప్పేస్తారు. అదే నా భయం.

ఒక సాయంత్రం ఆటో దిగుతుంటే ఈల, పొడుగ్గా, ఆపకుండా. నీళ్ళ వంతు వేళ కాదు. మడుల దగ్గర జనం. సువార్త నా మోచెయ్యి పట్టుకుని, "నీ మడి గురించే" అంది. కాళ్ళు కడుక్కోలేదు, నీళ్ళు తాగలేదు, తలగుడ్డతోనే పోయా.

ఆయన నా వయ్యారిభామ మధ్యలో లుంగీ ఎగ్గట్టి నిలబడి ఉన్నాడు. గడ్డి మోకాలు దాటి పైకొచ్చింది. మడమలెత్తినా ఆగే ఎత్తు కాదు.

"షరతు మనమందరం పెట్టుకున్నదేనండీ" అన్నాడు గుమాస్తా గారు. "ఈమె మీద నాకేం కోపం లేదు. టైం లేదంటుంది. టైం లేదని ఎవరైనా అంటారు. నేనూ అంటా. దానికి సాక్ష్యం ఏముందండీ?"

నేను నోరు తెరవబోయా. ఈలాయన ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

"చెయ్యి ఇటియ్యమ్మాయ్."

ఎందుకో తెలియకే ఇచ్చా. పొద్దున్నించీ కాయ కోసిన చెయ్యి. వేళ్ళు ఎర్రబడి, పగిలి, మంట. ఎన్నిసార్లు సబ్బు పెట్టినా పోని కారం. ఆయన నా వేళ్ళు పట్టుకుని, తన కంటిరెప్ప కిందికి లాగి, లోపల పామాడు. ఒక కన్ను అయ్యాక రెండో కన్ను.

"బాబాయ్!" అని చెయ్యి లాక్కున్నా. అప్పటికే అయిపోయింది. కళ్ళు నిప్పుకణికలయినయ్. నీళ్ళు కారి గడ్డం మీంచి చొక్కా మీద పడుతున్నయ్. అంత మనిషి గడ్డి మధ్యలో కళ్ళు మూసుకుని తూలుతున్నాడు. ఎవరో చెంబుతో నీళ్ళు తెచ్చారు. వద్దని తోసేశాడు.

"గుమాస్తా గారండీ, ఎటున్నారు?"

"ఇక్కడే ఉన్నానండీ." గుమాస్తా గారు ఒక అడుగు వెనక్కేశాడు.

"సాక్ష్యం సరిపోద్దా? మీరు కూడా చూస్తారా?"

సువార్త రెండు చేతులూ చాచి, "నా చేతులకి కూడా కారముందండీ" అంది. కొందరు నవ్వబోయి మానేశారు.

గెలిచాననుకున్నా. ఆయన అక్కడితో ఆగి ఉంటే నాకు దేవుడయ్యేవాడు. ఆగలేదు. కళ్ళు తుడుచుకోకుండానే చెప్పాడు.

"రేకు పీకను. కానీ గుమాస్తా గారి మొక్కలు చావనియ్యను. కోతలయ్యిందాకా ఆయన వైపు సగం నాగమణి చేసుద్ది. కోతలయ్యాక తిరిగిచ్చేసిద్ది. మిగతా సగంలో ఈ అమ్మాయి గుమ్మడి పెట్టాల. పాదు పాకితే గడ్డి లేవదు. ఈ గడ్డి రేపు అందరం కలిసి పీకుదాం."

నాకు ఒళ్ళంతా మండింది. తిరిగిచ్చేసిద్దంట! చేతికొచ్చిన నేల ఎవరు తిరిగిచ్చారు? మా అత్త వాళ్ళ నాన్న ఒక పంటకని ఇచ్చిన చెలక ఇవాళ్టికీ తీసుకున్నవాళ్ళదే. మా అత్త చచ్చేదాకా ఆ చెలక గురించే చెప్పింది.

"నువ్వూ నేల లాక్కునేవాళ్ళ మనిషివే" అన్నా అందరి ముందూ. "కళ్ళల్లో కారం పెట్టుకుని నా నేల సగం కోసిచ్చావ్."

"ఆఁ?"

"నీకు వినపడింది!"

"వినపడింది" అన్నాడు. ఆ మనిషి మెల్లగా మాట్లాడటం అదే మొదటిసారి వినటం. "కోతలకి పోబాక. మడి మొత్తం నీదే. మానగలవా?"

మానలేను. ఆ సంగతి ఆయనకి తెలుసు.

"ఆ పిల్ల తిరిగియ్యకపోతే?"

"నేనున్నాగా."

"నువ్వు పోతే?"

భుజం మీద తువ్వాలు తీసి కళ్ళకి అడ్డం పెట్టుకున్నాడు. "అప్పుడు నువ్వే చూసుకోవాల" అన్నాడు.

ఆ చోట ఎవరైనా ధైర్యం చెప్తారు గదా? చెప్పలేదు. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టా.

గడ్డి పీకేసిన మర్నాడు పొద్దున ఆటో ఎక్కుతుంటే, ఇంకా వాచిన కళ్ళతోనే తాడు లాగి, నా మడి మధ్యలో గట్టు వేస్తున్నాడు. నాగమణి పక్కన మట్టి తొక్కుతుంది. నాకు నా ఒంటి మీద గీత గీస్తున్నట్టుంది. ఆ తర్వాత ఎదురుపడితే మొహం తిప్పుకునేదాన్ని.

ఆయనకి అదేం పట్టలేదు. పొద్దున్నే ఆటో కదిలే చోటికొచ్చి నిలబడేవాడు. "అమ్మాయ్! నీ గుమ్మడి పాదు ఎత్తుకుంది!" ఇంకో రోజు, "పిందె పడింది!" ఇంకో రోజు, "కాయని చీమ పట్టింది, బూడిద చల్లా!" మడికి పోయే తీరిక నాకు లేదు గనక నా మడి కబురు తనే మోసుకొచ్చేవాడు. ఆటోలో ఆడోళ్ళు, "నీ గుమ్మడికాయకి ఏం వైభోగమే" అని నవ్వేవాళ్ళు. నేను నవ్వేదాన్ని కాదు. కానీ చెవి మాత్రం అటే ఉండేది.

ఎండలు ముదిరినాక ఒక పొద్దున ఆ అరుపు లేదు. మర్నాడూ లేదు. ఆ వారంలోనే, మేం చేలో ఉండగా సువార్త ఫోనుకి కబురొచ్చింది, పోయాడని. మేం వచ్చేసరికి తీసుకుపోయారు. వాకిట్లో నీళ్ళు చల్లి ఉన్నయ్. ఆయన పోయాడనగానే నాకు మొదట ఏమనిపించిందో అదే చెప్తా, రాసుకోండి. నా సగం పోయిందే అనిపించింది. ఏడుపు తర్వాతొచ్చింది.

కోతలైపోయినయ్. మడుల పెద్దరికం గుమాస్తా గారికొచ్చింది. అందరినీ పిలిచాడు. నాగమణి చేసిన సగంలో గడ్డిపరక లేదు, బెండ విరగ్గాస్తుంది. గుమాస్తా గారి వంగ తేరుకుంది.

"ఇది చూశాక నాకొకటి అనిపించిందండీ" అన్నాడాయన. "ఈ సగానికి నాగమణి పేరు రేకు పాతేద్దాం. ఈమెకి ఆ సగం చాలు. వానలొస్తే పత్తికి పోద్ది, మళ్ళీ మిరపకి పోద్ది. ఇద్దరికీ న్యాయమేగా? ఎవరన్నా కాదంటారా?"

పెద్దాయన మాట ఇచ్చాడని చెబితే, ఆ మనిషి లేడు. న్యాయం కాదందామంటే, ఆ బెండ కళ్ళ ముందే కాస్తుంది. అందరి మొహాలూ చూశా. సువార్త కూడా తల దించుకుంది. చివరికి నాగమణిని చూశా. చేతిలో కొడవలి పట్టుకుని నేల చూస్తుంది. రేకు మీద పేరుండటం అంటే ఏంటో ఆ పిల్లకీ తెలుసు.

"ఏమ్మా నాగమణీ?"

"నాకు రేకు కావాలండీ" అంది.

నేను నా రేకు గట్టిగా పట్టుకున్నా.

"ఎప్పట్నించో వరసలో ఉన్నా. కావాలి. కానీ ఇది కాదండీ, ఇది అక్కది. కోతల దాకా అని నాకిచ్చారు. ఇవాళ ఇది నా పేరున రాశారనుకోండి, రేపు మా అమ్మ పోయి నేను కూలికి పోతే? నా మడి సగం కూడా ఇట్టాగే పోద్ది. ఇంక ఈ కాలనీలో ఎవరన్నా ఎవరికన్నా సగం ఇస్తారా? గడ్డి పెంచుకుంటారు గాని ఇవ్వరు."

కొడవలి పక్కన పెట్టి, వచ్చి గట్టు మీదెక్కి కాళ్ళతో తొక్కింది. ఎండకి గట్టిపడిన మట్టి, ఒక పట్టాన లొంగలేదు. మడమలతో పొడిచి నేలకి చదును చేసింది. గుమాస్తా గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు. "ఖాళీ మడి వస్తే ముందు నీదేనమ్మా" అన్నాడు చివరికి. బెండ అయిపోయిందాకా కోసుకోమని నేను అన్నా.

ఖాళీ మడి ఇంకా రాలేదు. మిరపకోతలకి మళ్ళీ మనుషుల్ని మాట్లాడుతున్నారు. నిన్న సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోకుండా నాగమణి వాళ్ళింటికి పోయా. ధైర్యం వచ్చి పోలేదు, భయంగానే పోయా. తల్లికి తల దువ్వుతుంది.

"కోతల దాకా సగం చేసుకోవే" అన్నా గడపలో నిలబడే.

"ఏ సగం?"

"పోయినేడు చేసిందే."

"అటుదొద్దక్కా. గుమాస్తా గారు పొద్దస్తమానం గట్టు మీద నిలబడి నా కలుపు లెక్క చూసుకుంటాడు. మోటారు వైపుది ఇయ్యి."

మోటారు వైపుది మంచి నేల. నీళ్ళు ముందు దానికే ఎక్కుతయ్.

"సరే తీసుకో. కోతలయ్యాక ఇచ్చెయ్యాల."

"ఇయ్యకపోతే?" అని నవ్వింది.

నేను నవ్వలేదు. ఆదివారం పొద్దున్నే పార తీసుకుని రమ్మని చెప్పి వచ్చేశా. సోమవారం నించి ఆటో వచ్చుద్ది. ఈలోపు గట్టు పడాలి.